చెరువు బురదకు లేజర్ పరీక్ష చేయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మా ఊరి పేరు రాయడం లేదు. రాస్తే పక్కనున్న కంపెనీ పేరు రాసినట్టే అవుతుంది, అది మా వాగులోకి వ్యర్థాలు వదిలిందని కేసు నిలబడేంత రుజువు నా దగ్గర లేదు. ఆ రుజువు ఎందుకు లేకుండా పోయిందో, ఎలా చేస్తే దొరుకుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

పోయిన వానాకాలం, మృగశిర దాటాక మొదటి పెద్ద వాన రాత్రంతా కొట్టింది. పొద్దున ఐదున్నరకి మా చిన్నాయన ఫోన్ చేశాడు, వాగు నురగ కక్కుతోందని. నేను బండి మీద పోయేసరికి నీళ్లు చాయ్ డికాషన్ రంగులో ఉన్నాయి, కల్వర్టు కింద నురగ మోకాలెత్తు పేరుకుంది, వాగు చెరువులో కలిసే చోట చిన్న చిన్న పరక చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. చిన్నాయన బర్రె నీళ్లలో మూతి పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది, తోలినా దిగలేదు. ఆయన నా వైపు తిరిగి, "నువ్వు సైన్స్ చెప్తవ్ గదరా, ఈ నీళ్లల్ల ఏం కలిసిందో చెప్పు" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. బండి డిక్కీలో ఖాళీ కూల్‌డ్రింక్ బాటిల్ ఉంటే కడిగి, దాని నిండా ఆ నీళ్లు పట్టుకున్నాను, అంతే.

కాలుష్యం చూసే అధికారులకు ఫిర్యాదు అదే రోజు చేశాం. మనుషులు వచ్చింది మూడో రోజు. అప్పటికి మళ్లీ రెండు వానలు పడ్డాయి, వాగు మామూలుగా పారుతోంది, నురగ లేదు, చేపలను కుక్కలు, కొంగలు తినేశాయి. వచ్చినవాళ్లు పీహెచ్ కాగితం ముంచి చూశారు, క్యాన్లలో నీళ్లు నింపుకున్నారు, మా సంతకాలు తీసుకున్నారు. నెల దాటాక తెలిసింది, అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని. నేను వాళ్లను అబద్ధమాడారని అనడం లేదు. వాళ్లు పట్టుకెళ్లిన నీళ్లలో నిజంగానే ఏమీ ఉండి ఉండదు, ఎందుకంటే అవి మూడో రోజు నీళ్లు. మొదటి రోజు నీళ్లు అప్పటికే దిగువకు పోయాయి, కొన్ని పొలాల్లోకి, కొన్ని బోర్లలోకి.

నా బాటిల్‌ను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబుకు తీసుకెళ్లాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, పట్టిన వెంటనే నైట్రిక్ యాసిడ్ కలిపారా అని. లోహాల పరీక్షకు నీళ్లు పడితే అక్కడికక్కడే యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి, లేకపోతే లోహం కొంత బాటిల్ గోడలకే అంటుకుపోతుంది, తర్వాత కొలిస్తే తక్కువ చూపిస్తుంది. సీసా కూడా యాసిడ్‌తో కడిగినదై ఉండాలి. ఈ సంగతి ఏ రైతుకు తెలుస్తుంది? అర్ధరాత్రి వాగు ఒడ్డున ఎవరి దగ్గర నైట్రిక్ యాసిడ్ ఉంటుంది?

నల్లగొండ వాళ్లకు నీళ్లలో విషం అంటే ఏమిటో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడ్ మన పళ్ల మీద గార కట్టింది, కాళ్లు వంకర తిప్పింది, మర్రిగూడ వైపు నడుము వంగిపోయిన మనుషుల గోడు ఢిల్లీ దాకా వినిపించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టారు. చివరికి కృష్ణా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథ పైలాన్ 2015లో లేచింది కూడా చౌటుప్పల్‌లోనే. దానికి సంతోషమే. కానీ మారింది తాగే నీళ్లు మాత్రమే. పొలానికి పారే నీళ్లు అవే, బర్రె తాగే నీళ్లు అవే, కూరగాయల మడికి పెట్టే నీళ్లు అవే.

పైగా ఫ్లోరైడ్ మన ఒంటి మీద కనిపించింది కాబట్టి గొంతెత్తి అడగగలిగాం. సీసం, కాడ్మియం, పాదరసం అలా కనపడవు. తక్కువ మోతాదులో వాసన ఉండదు, రంగు ఉండదు, నీళ్లు కొబ్బరినీళ్లంత తేటగా ఉండొచ్చు. సీసం చిన్నపిల్లల మెదడు మీద దెబ్బ కొడుతుంది, పిల్లాడికి చదువు ఎక్కట్లేదని తిడతాం కానీ రక్తంలో సీసం చూడాలని మనకు తట్టదు. కాడ్మియం కిడ్నీల్లో పేరుకుంటుంది, వరి దాన్ని నేల నుంచి బాగా పీల్చుకుంటుంది. జపాన్‌లో జింజూ నది కింద ఇదే జరిగింది. గనుల నుంచి వచ్చిన కాడ్మియం నది నీళ్లతో పొలాల్లోకి పారి, ఆ బియ్యం తిన్న ఆడవాళ్ల ఎముకలు దగ్గితే విరిగేంత బలహీనపడ్డాయి. నొప్పికి వాళ్లు ‘ఇటాయ్ ఇటాయ్’ అని అరిచేవారట, ఆ అరుపే జబ్బుకు పేరైంది. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బని అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో, అప్పటికే దశాబ్దాలు గడిచిపోయాయి. హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ కత్వల (చిన్న ఆనకట్టల) నుంచి బునాదిగాని కాల్వ, పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డి కాల్వ కింద వరి వేసేవాళ్లం మనం. ఆ కథ మనకు దూరపుది కాదు.

ఇప్పుడు లేజర్ సంగతికి వస్తాను. ఎం.ఎస్సీ. ప్రాజెక్టు అప్పుడు ఆరు నెలలు ఒక లేజర్ ల్యాబులో పనిచేశాను కాబట్టి ఇది విన్నది కాదు, చూసింది.

ఇంటర్‌లో సాల్ట్ అనాలిసిస్ చేసినవాళ్లకు ఫ్లేమ్ టెస్ట్ గుర్తుండాలి. కాల్షియం ఇటుక ఎరుపు మంట ఇస్తుంది, రాగి ఆకుపచ్చ, పొయ్యిలో ఉప్పు పడితే పసుపు. ప్రతి మూలకానికీ తనదైన రంగు గీతలు ఉంటాయని 1860 ప్రాంతంలో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్ తేల్చారు, ఆ గీతలను పట్టుకునే సీజియం, రుబీడియం అనే కొత్త మూలకాలను కనుక్కున్నారు. ఆ మంట స్థానంలో లేజర్ పెడితే అది లేజర్ ఇండ్యూస్డ్ బ్రేక్‌డౌన్ స్పెక్ట్రోస్కోపీ, పొట్టిగా లిబ్స్. సెకనులో వంద కోట్లవ వంతును నానోసెకను అంటారు. కొద్ది నానోసెకన్ల పాటు ఉండే లేజర్ దెబ్బను లెన్స్‌తో ఆవగింజలో పదో వంతు చోటు మీదికి కేంద్రీకరిస్తారు. అక్కడున్న పదార్థం ఆవిరై, పది వేల డిగ్రీలు దాటిన చిన్న నిప్పురవ్వ అవుతుంది. చెవికి ‘టప్’ అని వినిపిస్తుంది, కంటికి నీలి తెలుపు చుక్క. మొదట్లో ఆ వెలుగు మరీ తెల్లగా ఉండి అన్నిటినీ కప్పేస్తుంది, అందుకే కెమెరా సెకనులో పది లక్షలవ వంతు ఆగి అప్పుడు తెరుచుకుంటుంది. చల్లారుతున్న ఆ రవ్వ వెలుగును విడగొడితే స్క్రీన్ మీద గీతలు లేస్తాయి. సీసానికి 405.8 నానోమీటర్ల దగ్గర, రాగికి 324.7 దగ్గర, క్రోమియానికి 425.4, 427.5, 429.0 దగ్గర వరుసగా మూడు. గీత ఎక్కడ లేచిందో చూస్తే ఏ లోహమో తెలుస్తుంది, ఎంత ఎత్తు లేచిందో చూస్తే ఎంత ఉందో అంచనా దొరుకుతుంది. ఒక్క దెబ్బకే చాలా మూలకాలు కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక్కో పరీక్ష అక్కర్లేదు.

ఇదేదో ఎవరికీ అందని వస్తువు కాదు. 2023 ఆగస్టులో ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు గంధకం ఉందని చెప్పింది ఈ పరికరంతోనే. అల్యూమినియం, కాల్షియం, ఇనుము, టైటానియంతో పాటు క్రోమియం గీతలు కూడా చూపించింది. ఆ పరికరాన్ని చేసింది మన ఇస్రో వాళ్లే, బెంగళూరులో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పేలుడు పదార్థాలను ఇదే పద్ధతిలో గుర్తించే పరిశోధన ఏళ్లుగా నడుస్తోంది. చేత్తో పట్టుకునే తుపాకీ సైజువి మార్కెట్లో ఉన్నాయి, పాత ఇనుము కొనేచోట ఏ లోహమో చూడటానికి వాడుతున్నారు. చంద్రుడి మట్టిలో క్రోమియం ఉందని మనకు తెలిసింది, మా చెరువు మట్టిలో ఎంత ఉందో మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నాకు నిద్ర పట్టనిది ఇక్కడే.

దీని లోపాలు కూడా చెప్పాలి, లేకపోతే తెలిసినవాళ్లు ఈ ఉత్తరాన్ని పక్కన పడేస్తారు. నీళ్ల మీద నేరుగా లేజర్ కొడితే చిందుతుంది, తుంపర లెన్స్ మీద పడుతుంది, నీళ్లు ఆ వేడిని మింగేసి గీతలు బలహీనపడతాయి. అందుకని ఒక చుక్కను ఫిల్టర్ కాగితం మీదో గ్రాఫైట్ బిళ్ల మీదో ఆరబెట్టి కొడతారు, లేదా లోహాన్ని ఒక పొర మీద పోగుచేసి కొడతారు, కొందరు నీళ్లను ఐసు గడ్డ చేసి కూడా కొట్టారు. ఇలా చేస్తే ఇంకా తక్కువ మోతాదు కూడా పట్టొచ్చు. అయినా పెద్ద ల్యాబుల్లో ఉండే ఐసీపీ మాస్ యంత్రమంత సూక్ష్మంగా ఇది కొలవలేదు. క్రోమియం ఉందని చెప్తుంది కానీ అది ప్రమాదకరమైన ఆరు వేలెన్సీదా, మూడు వేలెన్సీదా చెప్పలేదు. ఫ్లోరైడ్‌ను పట్టడం దీనికి కష్టం. మందుల కంపెనీల నీళ్లలో ఉండే సాల్వెంట్లు, యాంటీబయాటిక్స్ ఇది చెప్పదు, వాటికి వేరే పరీక్షలే దిక్కు. ఒకే మోతాదు లోహం దుబ్బ నేలలో ఒక ఎత్తు గీత ఇస్తే నల్లరేగడిలో ఇంకో ఎత్తు ఇస్తుంది, కాబట్టి మన చెల్కల మట్టి, మన చెరువుల మట్టి తీసుకుని ముందు దానికి లెక్క సరిచేయాలి.

కానీ మట్టి విషయంలో లేజర్ బలమైనది. నీళ్లకంటే గట్టి పదార్థం మీద బాగా పనిచేస్తుంది. మా లాంటి ఊళ్లకు కావాల్సింది కూడా అదే, ఎందుకంటే నీళ్లు మూడు రోజులకు వెళ్లిపోయాయి, బురద ఎక్కడికీ పోలేదు. వాగులో కొట్టుకొచ్చిన లోహాల్లో చాలా భాగం మట్టి రేణువులకు అంటుకుని చెరువు అడుగున కూర్చుంటుంది. ఏటేటా ఒక పొర. పైపొర నిన్నటిది, కింది పొర పదేళ్ల కిందటిది.

అందుకే దసరా సెలవుల్లో ఒక పని చేశాను. మా చెరువులో వాగు కలిసే చోట మట్టి, వాగుకు ఎగువన కంపెనీ నీళ్లు అసలు రాని ఇంకో కుంట మట్టి, రెండూ వేరు వేరు సంచుల్లో తీశాను. నీడన ఆరబెట్టి, నూరి, జల్లెడ పట్టి, పాత ల్యాబులో పనిచేస్తున్న స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్లాను. అతను వాటిని ప్రెస్‌లో నొక్కి రూపాయి బిళ్లల్లా చేశాడు. ఒక్కో బిళ్ల మీద యాభై చోట్ల లేజర్ కొట్టి సగటు తీశాం. టప్ టప్ మని పావుగంటలో అయిపోయింది. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఇనుము, కాల్షియం గీతలు దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. క్రోమియం మూడు గీతలు మాత్రం మా చెరువు బిళ్లలో స్పష్టంగా ఎత్తుగా లేచాయి. క్రోమియం మామూలు మట్టిలోనూ కొంత ఉంటుంది, ఎగువ కుంటలో కూడా ఉంది, అందుకే పోల్చి చూశాం. ఇది రుజువు అని నేను అనను. రెండు బిళ్లలతో ఎవరి మీదా నేరం మోపకూడదు, ఎంత ఉందో ఖచ్చితంగా కూడా చెప్పలేం. సరైన పరీక్ష చేయించి తీరాలనడానికి మాత్రం ఇది చాలదా?

ఇంకో భయం కూడా ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువులో పూడిక తీస్తే ట్రాక్టర్ల మీద ఆ మట్టి తోలుకుని చెల్కల్లో పోసుకున్నాం. చిన్నాయన ఎకరంన్నరకి పోశాడు, ఆ ఏడు పత్తి బాగా వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. మట్టి రంగు చూశాం, జిగురు చూశాం, చేత్తో నలిపి చూశాం, దాంట్లో ఏ లోహం ఉందో మాత్రం మా ఊళ్లో ఎవరం అడగలేదు. శుభ్రమైన చెరువు పూడిక బంగారమే, అందులో అనుమానం లేదు. ఫ్యాక్టరీల కింద ఉన్న చెరువుల పూడికను మాత్రం పొలంలో పోసేముందు పరీక్షించాలి కదా.

లోహాలు ఎక్కడి నుంచి వస్తాయని కొందరు అడుగుతారు. మందుల తయారీలో హైడ్రోజన్ ఎక్కించే రియాక్షన్లకు నికెల్, పల్లాడియం లాంటివి వాడతారు. ప్లేటింగ్ యూనిట్లలో క్రోమియం, నికెల్ ఉంటాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట సీసం, కొన్ని అద్దకం రంగుల్లో రాగి, క్రోమియం. శుద్ధి సరిగ్గా చేసే కంపెనీలు ఉన్నాయి, వాటికి ఈ పరీక్ష వల్ల మేలే, ఊరి అనుమానం తీరుతుంది.

మీటర్లు పెట్టారు కదా అంటారు. నిజమే, ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో చెప్పింది. వాటిలో ప్రధానంగా చూసేది పీహెచ్, బీఓడీ, సీఓడీ (నీళ్లలో ఆక్సిజన్‌ను తినేసే మురికి ఎంతుందో చెప్పే కొలతలు), టీఎస్ఎస్ (నీళ్లలో తేలే రేణువులు), ఎంత నీళ్లు పోతున్నాయన్నది, లోహాలను కాదు. పైగా మీటరు ఉండేది కంపెనీ లెక్క చూపే గొట్టం దగ్గర, వానకు తెగే కాల్వ దగ్గర కాదు, రాత్రి ట్యాంకర్ వంచే గుంత దగ్గర కాదు.

పరిమితుల సంగతి కూడా పాఠకులకు తెలియాలి. తాగే నీళ్లలో కాడ్మియం లీటరుకు 0.003 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. ఫ్యాక్టరీ నుంచి వాగులోకి, నదిలోకి వదిలే నీళ్లకు సాధారణ పరిమితి 2 మిల్లీగ్రాములు. దాదాపు 667 రెట్లు. సీసానికి తాగే నీళ్లలో 0.01, వదిలే నీళ్లలో 0.1. వాగులో నిండా నీళ్లు ఉండి ఇవి పలచబడితే ఒక మాట. మా వాగులో ఏడాదిలో ఎనిమిది నెలలు పారేదే ఆ వదిలిన నీళ్లు, అప్పుడు పలచబడేది దేంట్లో? కాబట్టి ‘పరిమితుల్లోనే ఉంది’ అని కాగితం మీద రాసినంత మాత్రాన మాకు ధైర్యం రాదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. మన జిల్లాకు ఒకటి, జడ్చర్ల వైపు పాలమూరు ఊళ్లకు ఒకటి, లేజర్ పరికరం ఉన్న బండి ఇవ్వండి. ధర లక్షల్లో ఉంటుంది, నాకు తెలుసు, కానీ ఒక మనిషికి కిడ్నీలు పోతే డయాలసిస్‌కు ఎంతవుతుందో కూడా తెలుసు. ఫోన్ వచ్చిన రాత్రే ఆ బండి వాగు దగ్గరికి రావాలి, ముఖ్యంగా తొలకరి వానల్లో, ఎందుకంటే వదిలేవాళ్లు వదిలేది అప్పుడే. గీత లేచిందంటే అక్కడికక్కడే చట్టప్రకారం శాంపిల్ తీయాలి. 1974 నీటి చట్టంలో దానికి పద్ధతి ఉంది, కంపెనీ వాళ్లకు నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, ల్యాబుకు పంపాలి. కోర్టులో నిలబడేది ఆ ల్యాబు రిపోర్టే, లేజర్ గ్రాఫు కాదు. లేజర్ పని ఎప్పుడు, ఎక్కడ పట్టాలో చూపించడం, మాకు ఇన్నాళ్లూ దొరకనిదే అది. వానలు లేని నెలల్లో అదే బండితో పరిశ్రమల కింద ఉన్న చెరువుల మట్టి వరుసగా చూడొచ్చు. ఏ చెరువులో ఏం తేలిందో ఆ ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి, అందరికీ అర్థమయ్యేట్టు. బాగుంటే బాగుందని కూడా రాయాలి, దానికీ విలువ ఉంది, మా చెరువు చేపలు కొనడానికి పక్క ఊరివాళ్లు జంకుతున్నారు. యూనివర్సిటీల్లో ఈ పని తెలిసిన పిల్లలు ఉన్నారు, వాళ్లను పిలిస్తే సంతోషంగా వస్తారని నా నమ్మకం.

ఇప్పుడు మా చెరువులో నడిమధ్య తప్ప నీళ్లు లేవు. వాగు కలిసే చోట మట్టి నెర్రెలు విచ్చింది, మోకాలి లోతు తవ్వితే పొరలు పొరలుగా కనపడుతోంది, మట్టి తీయడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు, మృగశిర వచ్చిందంటే మళ్లీ మునుగుతుంది. ఎవరైనా వస్తామని మీ పేపరు ద్వారా తెలియజేస్తే గడ్డపార, సంచులు నేను తెస్తాను. ఎక్కడ తవ్వాలో మా చిన్నాయన చూపిస్తాడు, పోయిన ఏడు నురగ ఎందాకా వచ్చిందో ఆయన ఒక రాయి పాతి గుర్తు పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
నల్లగొండ జిల్లా